జేమ్స్ విల్సన్ (1742–1798): రాజ్యాంగం రాసిన చేయి, అప్పుల జైలు. వివరాలు కావాలి

పాతకేసులు
అందరికీ నమస్కారం. అమెరికా తొలి సుప్రీంకోర్టు జడ్జిల మీద తెలుగులో వ్యాసాల వరుస ఒకటి సిద్ధం చేస్తున్నాం. జే, ఐర్డెల్ అయిపోయారు. ఇప్పుడు జేమ్స్ విల్సన్ వంతు. (ఉడ్రో విల్సన్ కాదు. ఆయన ప్రెసిడెంటు, ఈయన కంటే నూరేళ్లకు పైగా తర్వాతివాడు.)

పైపైన తెలిసినవి ఇవి: స్కాట్లండ్‌లోని ఫైఫ్‌లో రైతు కుటుంబంలో పుట్టుక, సెయింట్ ఆండ్రూస్‌లో చదువు, 1765లో అమెరికా ప్రయాణం, ఫిలడెల్ఫియాలో జాన్ డికిన్సన్ దగ్గర లా నేర్చుకోవడం, 1767లో ప్రాక్టీసు మొదలు. స్వాతంత్ర్య ప్రకటన మీద, రాజ్యాంగం మీద కూడా సంతకం చేసిన ఆరుగురిలో ఒకడు. 1789లో సుప్రీంకోర్టు, 1798లో అప్పులవాళ్లకు భయపడి పారిపోయిన చోట చావు.

మూడు సందేహాలు. ఒకటి, 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసిన సభలో ఈయన చేసిన పని కచ్చితంగా ఏమిటి? రెండు, చిషోమ్ కేసు ఎందుకు అంత గొడవైంది? మూడు, సిట్టింగ్ జడ్జి జైలుకెలా వెళ్లాడు? ఊరికే 'భూముల్లో నష్టపోయాడు' అని రాస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు.

మార్జిన్_నోట్
మొదటి ప్రశ్నకు. సభలో అందరికంటే ఎక్కువసార్లు లేచి మాట్లాడింది గవర్నర్ మోరిస్, 173 సార్లు. (అతని పేరే 'గవర్నర్', పదవి కాదు.) రెండోవాడు విల్సన్, 168 సార్లు. మాడిసన్ ఆ తర్వాతే. అయితే లెక్క కంటే తేదీలు పట్టుకోండి.

జూన్ 1: కార్యనిర్వాహక అధికారం ఒక్క మనిషి చేతిలో ఉండాలని విల్సన్ ప్రతిపాదించాడు, చార్లెస్ పింక్నీ బలపరిచాడు. హాల్లో ఎవరూ నోరు మెదపలేదు. ఆ ఒక్కడు ఎవరవుతాడో అందరికీ తెలుసు, ఆయన అక్కడే ఉన్నాడు: వాషింగ్టన్. ఓటింగుకు పెట్టమంటారా అని అధ్యక్ష స్థానంలో ఉన్న గోరం అడిగితే, ఇది ముఖ్యమైన విషయం, ముందు మాట్లాడండి అని ఫ్రాంక్లిన్ మౌనం విడగొట్టాడు. ఎడ్మండ్ రాండాల్ఫ్ దాన్ని రాచరికపు పిండం అన్నాడు. ముగ్గురు ఉండాలన్నది అతని వాదన. ముగ్గురుంటే తప్పు ఎవరిదో తేలదు, ఒకడైతే నిలదీయొచ్చు అన్నది విల్సన్ వాదన. జూన్ 4న ఏడు రాష్ట్రాలు అవునన్నాయి, మూడు కాదన్నాయి, విల్సన్ మాటే నెగ్గింది.

జూన్ 2: రాష్ట్రాలను జిల్లాలుగా విడగొట్టాలి, ఓటర్లు ఎలక్టర్లను ఎన్నుకోవాలి, ఆ ఎలక్టర్లు తమలో ఒకరిని కాకుండా బయటివాణ్ని బ్యాలెట్‌తో ఎన్నుకోవాలి. ఇదీ విల్సన్ తీర్మానమే. పెన్సిల్వేనియా, మేరీలాండ్ తప్ప అందరూ కాదన్నారు, 8–2. నిజానికి ఆయనకు ఇష్టమైంది నేరుగా ప్రజల ఓటు. అది ఎటూ నెగ్గదని ఎలక్టర్ల దారి పట్టాడు. జులై 17న నేరు ఎన్నిక ఓటుకు వస్తే అవునన్నది పెన్సిల్వేనియా ఒక్కటే. సెప్టెంబరు 4న వేరే కమిటీ ఎలక్టర్ల పద్ధతినే మార్పులతో మళ్లీ తెచ్చింది. ఆ కమిటీలో విల్సన్ లేడు.

లాపాయింట్
> ఎలక్టర్ల దారి పట్టాడు

అంటే ఇవాళ్టి ఎలక్టోరల్ కాలేజీకి ఆద్యుడు ఈయనే అని రాసేయొచ్చా?

మార్జిన్_నోట్
సగమే రాయొచ్చు. ఎలక్టర్లు అన్న ఊహను సభ ముందు తీర్మానంగా పెట్టింది ఆయన. కానీ ప్రతి రాష్ట్రానికీ సెనేటర్లు, ప్రతినిధులు కలిపి ఎంతమందో అంతమంది ఎలక్టర్లు అన్న లెక్కా, వాళ్లను ఎలా నియమించాలో రాష్ట్ర శాసనసభే చెప్పాలన్న నియమమూ సెప్టెంబరు కమిటీవి. విల్సన్ జిల్లాల పథకం వేరు. ఎవరికీ మెజారిటీ రాకపోతే సెనేట్ ఎన్నుకుంటుందని కమిటీ పెడితే, సెనేట్‌కు ఇంత అధికారమా అని సెప్టెంబరు 6న గట్టిగా ఎదురు తిరిగింది కూడా ఆయనే. చివరికి షెర్మన్ సూచనతో ఆ పని ప్రతినిధుల సభకు వెళ్లింది.

లాపాయింట్
సరే. మరి ఐదింట మూడు వంతుల సంగతి? బానిసలను ఐదుగురికి ముగ్గురుగా లెక్కేసే ఆ రాజీ కూడా ఈయన పేరు మీదే ఉందిగా. అది వదిలేసి పొగుడుతూ పోతే వ్యాసం ఒంటికంటిది అవుతుంది.

మార్జిన్_నోట్
వదలకూడదు. జూన్ 11న తీర్మానం విల్సన్‌ది, బలపరిచింది దక్షిణ కరొలైనా పింక్నీ. 9–2తో నెగ్గింది, కాదన్నవి న్యూజెర్సీ, డెలావేర్. ఆ నిష్పత్తి అతను కనిపెట్టింది కాదు, 1783లో కాంగ్రెస్ పన్నుల వాటా కోసం తయారుచేసిన లెక్క. దక్షిణాది వాళ్లు జనాభా ప్రాతిపదికకు ఒప్పుకోవాలంటే ఈ ఎర కావాలని ఆయన లెక్క. విచిత్రం ఏమిటంటే జులై 11న ఆయనే లేచి దీన్ని ఏ సూత్రంతో సమర్థించాలో తనకు బోధపడటం లేదన్నాడు. పౌరులుగా లెక్కిస్తే తెల్లవాళ్లతో సమానంగా ఎందుకు కాదు, ఆస్తిగా లెక్కిస్తే మిగతా ఆస్తిని ఎందుకు లెక్కించరు అని అడిగి, రాజీ అవసరం కాబట్టి సరే అని కూర్చున్నాడు. సూత్రం తెలిసి వదులుకోవడం, తెలియక వదులుకోవడం ఒకటి కావు. నా దృష్టిలో మొదటిదే బరువైన తప్పు.

ముద్రారాక్షసం
డీటెయిల్ కమిటీ మాట ఎవరూ ఎత్తలేదు. అసలు రాత పని అక్కడే జరిగింది. జులై 24న ఎన్నికైన ఐదుగురు: రట్లెడ్జ్ అధ్యక్షుడు, రాండాల్ఫ్, గోరం, ఎల్స్‌వర్త్, విల్సన్. ఆగస్టు 6న నివేదిక. రాండాల్ఫ్ మొదటి చిత్తు రాశాడు, దాని మీద రట్లెడ్జ్ దిద్దుబాట్లున్నాయి. తర్వాతి చిత్తులు విల్సన్ చేతిరాతలో ఉన్నాయి, ఫిలడెల్ఫియాలోని హిస్టారికల్ సొసైటీ ఆఫ్ పెన్సిల్వేనియా దగ్గర.

ఈ కమిటీ చేసిన పెద్ద మార్పు ఇది. సభ అప్పటిదాకా జాతీయ శాసనసభకు అధికారాన్ని టోకున ఇస్తూ తీర్మానించింది. రాష్ట్రాలకు చేతకాని చోటల్లా చట్టం చేయొచ్చు అన్న ధోరణి. కమిటీ దాన్ని జాబితాగా మార్చింది: పన్నులు, వాణిజ్యం, నాణేలు, పోస్టాఫీసులు, యుద్ధం... చివర 'అవసరమైన, తగిన' చట్టాలు చేసే తోక. దేశద్రోహానికి ఇద్దరు సాక్షులుండాలన్న షరతు కూడా ఈ నివేదికలో ఉంది.

'మేము, ప్రజలం' విషయంలో జాగ్రత్త. ఆగస్టు 6 నాటి ముసాయిదాలో 'న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్...' అంటూ పదమూడు రాష్ట్రాల పేర్లు వరుసగా ఉన్నాయి. పేర్లు తీసేసి 'యునైటెడ్ స్టేట్స్ ప్రజలం' అని చెక్కింది సెప్టెంబరులో చివరి పాఠం భాష దిద్దిన స్టైల్ కమిటీ, అంటే గవర్నర్ మోరిస్. మన రాజ్యాంగ పీఠిక మొదటి మాటలకు మూలం చెప్పేటప్పుడు చాలామంది ఈ రెండు ముసాయిదాలనూ కలిపేస్తారు.

పాతకేసులు
ఇద్దరు సాక్షుల షరతు విల్సన్‌కు ఎక్కడి నుంచి వచ్చింది? ఏదైనా కేసు అనుభవమా?

లాపాయింట్
సూత్రం ఇంగ్లండులో పాతదే. కానీ ఆయన దాన్ని కోర్టులో ప్రాణాల మీద చూశాడు. 1777–78లో ఫిలడెల్ఫియా బ్రిటిష్ చేతిలో ఉండి, వాళ్లు వెళ్లాక దేశద్రోహం కేసులు వరుసగా నడిచాయి. అబ్రహం కార్లైల్, జాన్ రాబర్ట్స్ అనే ఇద్దరు క్వేకర్ల (యుద్ధానికి దూరంగా ఉండే ఒక క్రైస్తవ శాఖవాళ్ల) తరఫున వాదించిన వాళ్లలో విల్సన్ ఒకడు. ఇద్దరినీ 1778 నవంబరు 4న ఉరితీశారు. మిగతా ముద్దాయిల్లో చాలామందిని జ్యూరీ వదిలేసింది. అది ఊళ్లో సామాన్యులకు మంట.

దానికి ధరల మంట తోడైంది. కాగితం కరెన్సీ పడిపోయింది, పిండి ధర ఆకాశంలో. ధరలకు పరిమితి పెట్టాలని మిలీషియా (మామూలు పౌరుల దళం), కుదరదని వ్యాపారులు. విల్సన్ వ్యాపారుల పక్షం. 1779 అక్టోబరు 4న మిలీషియా మనుషులు ఊళ్లో కొందరిని పట్టుకుని ఊరేగిస్తూ, థర్డ్, వాల్నట్ వీధుల మూలన ఉన్న విల్సన్ ఇంటి మీదికి వచ్చారు. లోపల రాబర్ట్ మోరిస్ (గవర్నర్ మోరిస్ వేరు), మిఫ్లిన్, క్లైమర్ సహా మిత్రులు తుపాకులతో ఉన్నారు. కాల్పులు జరిగి రెండు వైపులా మనుషులు చచ్చిపోయారు. లోపలివాళ్లలో కెప్టెన్ క్యాంప్‌బెల్ చనిపోయాడు. రాష్ట్రాధినేత జోసెఫ్ రీడ్ గుర్రపు దళంతో వచ్చి విడదీశాడు. ఆ ఇంటికి అప్పటి నుంచి 'ఫోర్ట్ విల్సన్' అని పేరు. తర్వాతి ఏడాది శాసనసభ అందరికీ క్షమాభిక్ష పెట్టి కేసులు మూసేసింది.

ప్రజల సార్వభౌమత్వం గురించి ఆ తరంలో అందరికంటే బలంగా రాసినవాడు, ఆ ప్రజలే ఇంటి మీదికొస్తే తలుపులేసుకుని కాల్పుల మధ్య నిలబడ్డవాడు, ఒకే మనిషి. 1787 డిసెంబరు చివర్లో, పెన్సిల్వేనియా 46–23తో రాజ్యాంగాన్ని ఆమోదించిన రెండు వారాలకే, ఆయన ఒకప్పుడు ప్రాక్టీసు చేసిన కార్లైల్ ఊళ్లోనే ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు.

ముద్రారాక్షసం
చిన్న సవరణ లాంటి అదనం: కార్లైల్ ఊరు వేరు, ఉరి తీయబడ్డ కార్లైల్ వేరు. పాఠకులు కంగారు పడతారు, వ్యాసంలో విడిగా చెప్పండి.

గోదారి_గట్టు
చిషోమ్ కేసు నేను రాస్తాను, ఇది సరుకుల బాకీ కేసు. 1777లో జార్జియా ప్రభుత్వ మనుషులు రాబర్ట్ ఫార్కర్ అనే దక్షిణ కరొలైనా వర్తకుడి దగ్గర బట్టలూ సరుకులూ తీసుకున్నారు. దావా మొత్తం $169,613.33. జార్జియా తన మనుషులకు డబ్బు ఇచ్చేశానంటుంది, ఫార్కర్‌కు మాత్రం చేరలేదు. ఆయన పోయాక ఎగ్జిక్యూటర్ (వీలునామా అమలు చేసేవాడు) అలెగ్జాండర్ చిషోమ్ దావా వేశాడు. సర్క్యూట్ కోర్టు (కింది ఫెడరల్ కోర్టు) కొట్టేస్తే నేరుగా సుప్రీంకోర్టుకు. చిషోమ్ తరఫు లాయరు రాండాల్ఫ్, అప్పుడు దేశానికి అటార్నీ జనరల్ ఆయనే! ఇలాంటివి అప్పుడు చెల్లేవి. జార్జియా అసలు హాజరే కాలేదు, ఈ కోర్టుకు మా మీద అధికారం లేదు అంది.

ప్రశ్న ఒక్కటే: ఒక రాష్ట్రాన్ని వేరే రాష్ట్రం పౌరుడు దాని సమ్మతి లేకుండా కోర్టుకీడ్చవచ్చా? 1793 ఫిబ్రవరి 18న 4–1తో ఈడ్చవచ్చు అన్నారు. కాదన్నది ఐర్డెల్.

విల్సన్ తీర్పు చదివితే లా పాయింటు కోసం చాలాసేపు ఆగాలి. సార్వభౌముడు అన్న మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదని మొదలెడతాడు. రాష్ట్రం అంటే మనుషులు కలిసి కట్టుకున్న ఒక కృత్రిమ వ్యక్తి. ఒక్క మనిషి మాట ఇచ్చి తప్పితే కోర్టుకు రావాల్సి వచ్చినప్పుడు, పదిమంది కలిసినంత మాత్రాన ఆ బాధ్యత ఎలా మాయమవుతుంది? ఇదీ ఆయన పట్టు. విషయమంతా ఆఖరుకు, అమెరికా ప్రజలు ఒక జాతి అవునా కాదా అన్న ప్రశ్న దగ్గరికే వస్తుందన్నాడు.

ఫలితం: రాష్ట్రాలకు యుద్ధకాలం అప్పుల భయం పట్టుకుంది. కాంగ్రెస్ 1794 మార్చిలో పదకొండో సవరణ పంపింది, 1795 ఫిబ్రవరి 7కి కావలసినన్ని రాష్ట్రాలు ఆమోదించాయి. తీర్పుకు రెండేళ్ల ఆయుష్షు. మన రాజ్యాంగం 300వ అధికరణ కింద ప్రభుత్వం మీద ఆ ప్రభుత్వం పేరునే దావా వేస్తాం కాబట్టి మనకు ఇది అంత వింతగా తోచదు. అప్పుడు అక్కడ మాత్రం బాంబు.

పాతకేసులు
ఇంత తీర్పు రాసినా లా కాలేజీల్లో విల్సన్ పేరు పెద్దగా వినబడదు ఎందుకు?

గోదారి_గట్టు
అప్పటి కోర్టులో 'కోర్టు అభిప్రాయం' అని ఒకటి ఉండేది కాదు. ఒక్కో జడ్జి వరసగా తనది తాను చదివేవాడు. చిషోమ్‌లో ముందు ఐర్డెల్, తర్వాత బ్లెయిర్, తర్వాత విల్సన్, కుషింగ్, చివర జే. ఎవరి మాట ప్రమాణమో తర్వాతివాళ్లు ఏరుకోవాలి. 1801లో మార్షల్ వచ్చాక ఒకే గొంతు అయింది. పైగా సుప్రీంకోర్టుకు వచ్చిన కేసులే తక్కువ. జడ్జిల కాలమంతా సర్క్యూట్లలోనే గడిచేది. 1789 చట్టం ప్రకారం ఆరుగురు జడ్జిలు, మూడు సర్క్యూట్లు. ఏడాదికి రెండుసార్లు ఇద్దరేసి సుప్రీంకోర్టు జడ్జిలు వెళ్లి, అక్కడి జిల్లా జడ్జితో కలిసి కూర్చోవాలి. 1793లో ఇద్దరికి బదులు ఒకరు చాలన్నారు. జీతం $3,500 (చీఫ్‌కు $4,000), దారి ఖర్చులు సొంతం.

సర్క్యూట్ పనిలోనే ఆయనవి రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. 1792 ఏప్రిల్‌లో గాయపడ్డ సైనికుల పింఛన్లు తేల్చమని కాంగ్రెస్ సర్క్యూట్ కోర్టులకు పని పెడితే, ఆ తీర్పును యుద్ధ మంత్రి, కాంగ్రెస్ తిరగదోడవచ్చు కాబట్టి ఇది న్యాయస్థానం పని కాదని విల్సన్, బ్లెయిర్, పీటర్స్ నిరాకరించి వాషింగ్టన్‌కు ఉత్తరం రాశారు. రెండోది, 1794 ఆగస్టు 4న విస్కీ తిరుగుబాటులో (విస్కీ పన్ను మీద జనం తిరగబడ్డప్పుడు) మామూలు కోర్టులతో చట్టం అమలు కావడం లేదని సర్టిఫికెట్ ఇచ్చింది ఆయనే. అది లేకుండా వాషింగ్టన్ మిలీషియాను పిలవడానికి చట్టం ఒప్పుకోదు.

పట్టాపాసుపుస్తకం
మూడో ప్రశ్న నాది. భూముల వ్యవహారం అర్థం కావాలంటే 1792లో పెన్సిల్వేనియాలో భూమి ఎలా కొనేవారో తెలియాలి.

ముందు ల్యాండ్ ఆఫీసులో దరఖాస్తు. డబ్బు కడితే వారంటు, అంటే ఫలానా చోట ఇంత కొలవండి అని సర్వేయరుకు ఆదేశం. డిప్యూటీ సర్వేయరు చెట్లకు గుర్తులు కొట్టి కొలిచి పటం వేస్తాడు. ఆ సర్వే ఆఫీసుకు చేరి ఖరారయ్యాక పట్టా. వారంటుకు, పట్టాకు మధ్య ఏళ్లు పట్టొచ్చు. వారంటు అంటే భూమి కాదు, భూమి మీద వరస నంబరు.

వారంటుకు 400 ఎకరాలే పరిమితి, రోడ్ల కోసం ఆరు శాతం అదనం. మరి లక్షల ఎకరాలు ఎలా కొన్నారు? బినామీలు. అప్పటి స్పెక్యులేటర్లు (ధర పెరిగాక అమ్ముకోవడానికి కొనేవాళ్లు) బంధువుల పేర్లు, గుమాస్తాల పేర్లు, ఒక్కోసారి లేని మనుషుల పేర్లు పెట్టి ఒకే రోజు కట్టలకొద్దీ వారంటులు తీసుకున్నారు. పేరిచ్చినవాడు ఐదు షిల్లింగులకు హక్కు వదులుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టేవాడు.

అలెఘనీ నదికి అవతల రేటు నూరెకరాలకు £7 10 షిల్లింగులు. పెన్సిల్వేనియా లెక్కలో డాలరుకు 7 షిల్లింగుల 6 పెన్నీలు, అంటే ఎకరం 20 సెంట్లు. 400 ఎకరాల వారంటు $80. వెయ్యి వారంటులు $80,000. ఒక జడ్జి 22 ఏళ్ల జీతం కంటే ఎక్కువ. అంత డబ్బు చేతిలో ఎవరికీ లేదు. అప్పే.

అసలు దెబ్బ షరతుల్లో ఉంది. నూరెకరాలకు రెండెకరాల చొప్పున అడవి కొట్టి, కంచె వేసి, సాగు చేయాలి, ఇల్లు కట్టాలి, ఐదేళ్లు మనిషి అక్కడ ఉండాలి. వెయ్యి వారంటులకు వెయ్యి కుటుంబాలు కావాలి. 1795 గ్రీన్‌విల్ ఒప్పందం దాకా అక్కడ ఆదివాసీ దేశాలతో యుద్ధం. శత్రువు అడ్డుపడితే షరతు నుంచి మినహాయింపు అని చట్టంలో ఒక వాక్యం ఉంది. దాని అర్థం మీద ఏళ్ల తరబడి లిటిగేషన్, 1805లో సుప్రీంకోర్టు కంపెనీల పక్షాన తేల్చేదాకా. ఈలోపు కొనేవాడు ఎందుకు కొంటాడు?

విల్సన్ లెక్క, యూరప్ నుంచి డబ్బూ, జనమూ వస్తారని. డచ్చివాళ్లకు కొంత అమ్మాడు కూడా. వచ్చిన డబ్బుతో అప్పు తీర్చకుండా ఇంకా కొన్నాడు. జార్జియా యాజూ భూముల్లోనూ వాటా పెట్టాడు. ఆ శాసనసభ 1795లో 3.5 కోట్ల ఎకరాలను ఐదు లక్షల డాలర్లకు రాసిచ్చింది, లంచాలు బయటపడి 1796లో కొత్త సభ రద్దు చేసింది.

లాపాయింట్
మరి ఒకేసారి ఎలా కూలింది? భూమి అయితే ఎక్కడికీ పోదుగా.

పట్టాపాసుపుస్తకం
భూమి పోదు, నోటు గడువు ఆగదు. ఈ స్పెక్యులేటర్లందరూ ఒకరి ప్రామిసరీ నోటు మీద మరొకరు వెనక సంతకం పెట్టుకున్నారు. సంక్రాంతి కోడిపందెంలో పై పందేల్లాగా, ఒకడు ఓడితే వెనక నిలబడ్డవాళ్లంతా కట్టాలి. 1796లో వాళ్లలో ఇద్దరు, రాబర్ట్ మోరిస్, నికల్సన్, రాసిన నోట్లు బజార్లో డాలరుకు సెంట్లలోకి పడ్డాయి. 1797 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బంగారం చెల్లింపులు ఆపేసింది, యూరప్ డబ్బు ఎండిపోయింది. భూమి పన్నులు, సర్వే ఫీజులు, వడ్డీలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. దేశమంతటికీ దివాలా చట్టం అప్పటికి లేదు, 1800లో వచ్చింది. అది లేనప్పుడు అప్పిచ్చినవాడి దగ్గర ఉన్న ఆయుధం మనిషిని జైల్లో పెట్టించడమే.

గోదారి_గట్టు
విల్సన్ విషయంలో వరస: 1797లో న్యూజెర్సీ బర్లింగ్టన్‌లో పట్టుబడ్డాడు, బాకీ $300 మాత్రమే. కొడుకు బర్డ్ విడిపించాడు. అక్కడి నుంచి నార్త్ కరొలైనాలోని ఈడెంటన్‌కు, తోటి జడ్జి ఐర్డెల్ ఊరికి. అక్కడ పియర్స్ బట్లర్ జైల్లో పెట్టించాడు, అప్పు సుమారు $197,000. ఈ బట్లర్ 1787 సభలో ఆయనతో పాటు కూర్చుని సంతకం చేసినవాడే. బయటికొచ్చాక కూడా ఫిలడెల్ఫియాకు వెళ్లే దారి లేదు, అక్కడ మిగతావాళ్లు కాచుకుని ఉన్నారు.

జడ్జి పదవి ఎందుకు పోలేదంటే, అభిశంసన తప్ప తీసేసే మార్గం లేదు, రాజీనామా ఆయన చేయలేదు. కాబట్టి 1798 ఆగస్టు 21న ఈడెంటన్ కోర్టు పక్కన హార్నిబ్లో సత్రంలో మలేరియా, పక్షవాతంతో చనిపోయేనాటికి కూడా ఆయన సుప్రీంకోర్టు జడ్జే. పక్కన రెండో భార్య హానా, 1793లో పెళ్లి నాటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. మొదటి భార్య రేచల్ బర్డ్ 1786లో పోయింది, ఆరుగురు పిల్లలు.

మార్జిన్_నోట్
ఆ ఖాళీలోకి వచ్చింది బుష్‌రాడ్ వాషింగ్టన్, జార్జి వాషింగ్టన్ తమ్ముడి కొడుకు. 1782లో ఇతన్ని లా నేర్చుకోవడానికి విల్సన్ దగ్గరే పెట్టారు. ఫీజు నూరు గినీలకు పెదనాన్న ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. గురువు సీట్లో శిష్యుడు 31 ఏళ్లు కూర్చున్నాడు.

వ్యాసంలో లెక్చర్ల మాట కూడా వేయండి. 1790 డిసెంబరు 15న కాలేజ్ ఆఫ్ ఫిలడెల్ఫియాలో మొదటి పాఠానికి వాషింగ్టన్, ఆడమ్స్, కాంగ్రెస్ సభ్యులు వచ్చారు. వరస మధ్యలోనే ఆగిపోయింది. పాఠాలను బర్డ్ విల్సన్ 1804లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించాడు.

పాతకేసులు
అందరికీ ధన్యవాదాలు. చివరగా ఒకటే: సమాధి ఫోటో కావాలి. ఈడెంటన్‌లోనా, ఫిలడెల్ఫియాలోనా? రెండు చోట్లా ఉన్నట్టు కనిపిస్తోంది.

కేరీ_తెలుగోడు
ఇప్పుడు ఫిలడెల్ఫియాలో. మొదట ఈడెంటన్ పక్కన హేస్ ప్లాంటేషన్‌లో పాతిపెట్టారు, 1906 నవంబరులో నౌకాదళం ఓడ 'డబ్యూక్' మీద తెచ్చి క్రైస్ట్ చర్చి దగ్గర మళ్లీ సమాధి చేశారు. ఇక్కడొక తిరకాసు. క్రైస్ట్ చర్చి శ్మశానం అంటే చాలామంది ఫిఫ్త్, ఆర్చ్ వీధుల మూలకు వెళ్తారు, అక్కడుండేది ఫ్రాంక్లిన్. విల్సన్ ఉన్నది సెకండ్ స్ట్రీట్‌లో చర్చి ఆవరణలోనే. న్యూజెర్సీ నుంచి ఎవరైనా వెళ్తే చర్చి గోడ పక్కన చూడమనండి. ఈడెంటన్ ఫోటోలు కావాలంటే చెప్పండి, ర్యాలీ నగరం నుంచి తూర్పుకు రెండున్నర గంటల డ్రైవు, మన వాళ్లు ఇక్కడ బోలెడంతమంది ఉన్నారు, ఎవరో ఒకరు ఏదో ఒక వారాంతం వెళ్లొస్తారు.